చెవి మిషన్ ఉంది, టచ్ స్క్రీన్ ప్యానెల్ ఉంది, పాఠం మాత్రం అందడం లేదు

గుంటూరులో మిర్చి యార్డుకు వెళ్లే రోడ్డు పక్కన మా బడి. సీజన్‌లో లారీల హారన్లు, ఏడాదంతా ఫ్యాన్ల హోరు. నా క్లాసులో వినికిడి లోపం ఉన్న పిల్లలు ఇద్దరు, ఒక బాబు, ఒక పాప. "అర్థమైందా?" అంటే తలూపేవాళ్లు. అది నమ్మి మూడు నెలలు పోగొట్టాను. ఇప్పుడైతే "నేనేం చెప్పానో చెప్పు" అని అడుగుతున్నా. లోపం ఎక్కడుందో అప్పుడు తెలుస్తోంది.

సమస్య: పొద్దున బాగానే వింటాడు, మధ్యాహ్నానికి పలకడు

కారణం: చాలాసార్లు బ్యాటరీ, లేదంటే చెమట. చెవి మిషన్లలో ఎక్కువగా వాడే జింక్-ఎయిర్ బ్యాటరీ గాలి తగిలితేనే పనిచేస్తుంది. స్టిక్కర్ తీసినప్పటి నుంచి వాడినా వాడకపోయినా అరిగిపోతుంది. మా బాబు వాళ్లమ్మ పని కలిసొస్తుందని ప్యాకెట్‌లో ఉన్న ఆరింటికీ ఒకేసారి స్టిక్కర్లు తీసేసింది!

పరిష్కారం: వేసే రోజే స్టిక్కర్ తీసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మిషన్‌లో పెట్టాలి. మార్చి నెల ఉక్కకు మోల్డు (చెవిలో అమర్చే అచ్చు) గొట్టంలో చెమట బొట్టు నిలిచి శబ్దాన్ని ఆపేస్తుంది. మోల్డును మిషన్ నుంచి విడదీసి రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. నోటితో ఊదితే మళ్లీ తడే చేరుతుంది. రాత్రి సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఉంచమని ఇంట్లో చెప్పండి.

నేను రోజూ హాజరుకు ముందు నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అంటాను. వాళ్లు తిరిగి అనాలి. నిన్న వినపడిన 'స్' ఇవాళ వినపడలేదంటే ముందు మిషన్ చూస్తాను.

కుయ్‌మని కూత వస్తోందా? తరచూ మోల్డు వదులవడం వల్లే. పిల్లల చెవి పెరుగుతుంది కదా. వాల్యూమ్ తగ్గించి సరిపెట్టకుండా కొత్త మోల్డు కోసం భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచరుకు చెప్పండి.

సమస్య: పక్కన నిలబడి చెబితే వింటుంది, బోర్డు దగ్గర నుంచి చెబితే వినదు

కారణం: దూరం రెట్టింపయితే మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్యాన్ మాత్రం పాప నెత్తి మీదే ఉంది. మిషన్ మాటతోపాటు హోరునూ పెంచుతుంది.

పరిష్కారం: అరవకండి, పెదాల కదలిక చెడుతుంది. ఎఫ్ఎం మైకు (మన మాటను వైరు లేకుండా నేరుగా చెవి మిషన్‌కు పంపేది) ఉంటే నోటికి జానెడు కింద పెట్టుకోండి. నల్లపూసలు, ఐడీ కార్డు దానికి రాసుకుంటే పాపకు బరబరే వినిపిస్తుంది. క్లాసు దాటగానే మ్యూట్ చేయండి. ఒకసారి నేను మరిచిపోయాను. స్టాఫ్ రూములో డీఏ బకాయిల మీద మేం అన్నవన్నీ విని, పాప నవ్వాపుకోలేక కూర్చుంది.

మైకు లేకపోతే ముందు వరసలో, రోడ్డు వైపు కిటికీకి దూరంగా కూర్చోబెట్టండి. బల్లల కాళ్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగితే కీచు తగ్గుతుంది.

సమస్య: ప్యానెల్‌లో వీడియో వేస్తే బిక్కమొహం

మైకు మీ మెడలో ఉంది, మాట ప్యానెల్ స్పీకర్లో ఉంది. మైకుకు ఆడియో వైరు పెట్టే వీలుంటే ప్యానెల్‌కు కలపండి, లేదా స్పీకర్ పక్కన పెట్టండి. లైట్లన్నీ ఆర్పేస్తే మీ పెదాలు కనపడవు.

సమస్య: మాటను అక్షరాలుగా చూపించే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్‌లో పిచ్చి రాతలు

ఫోన్ పిల్లాడి బల్ల మీద ఉంటే దానికి మీకన్నా ఫ్యానే దగ్గర. ఫోన్‌కు కాలర్ మైకు కలపండి. యాప్‌లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ పెట్టుకోండి. 'ఘాతాంకం' లాంటి మాటలు ముందే బోర్డు మీద రాయండి.

అక్షరాలు సరిగా వచ్చినా బాబు చూడట్లేదు. వాడి మొదటి భాష సైగ, చదువు ఇంకా కూడబలుక్కుంటున్నాడు. వాడికి దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాల సైగ భాష వీడియోలు పనికొచ్చాయి. టీవీలో పాఠాలు చెప్పే పీఎం ఈవిద్య 31వ చానల్ కూడా సైగ భాషదే. వీడియో చూస్తూ నోట్సు రాసుకోమనకండి, ఉన్నవి రెండే కళ్లు. ఆపండి, రాయనివ్వండి, మళ్లీ నడపండి. వీడియోలో సైగ వాడికి కొత్తయితే వాడి సైగేంటో అడగండి. 'భిన్నం'కు మా వాడు అరచేతిని కత్తిలా అడ్డంగా పెట్టి పైనొక వేలు, కిందొక వేలు చూపించాడు. ఇప్పుడు క్లాసంతా అదే వాడుతోంది.