నెగెటివ్ లక్షణాలకు స్కోరు ఎలా వేయాలి

"పొద్దస్తమానం పడుకునే ఉంటడు సార్. పిలిస్తే పలకడు, స్నానం చెయ్యరా అంటే రేపంటడు." హైదరాబాద్‌లో సైకియాట్రీ ఓపీలో కూర్చునేవాళ్లకి బాగా అలవాటైన మాట ఇది. స్కిజోఫ్రెనియా ఉన్న మనిషి గురించి తల్లి ఇలా చెప్పగానే కేస్ షీట్‌లో 'నెగెటివ్ లక్షణాలు ఉన్నాయి' (అంటే జబ్బు వల్ల భావం, మాట, ఆసక్తి తగ్గాయి) అని రాసేయడం తేలిక. కానీ ఆ పడుకోవడం వెనక రాత్రి వేసుకున్న మాత్ర మత్తు ఉండొచ్చు, దిగులు ఉండొచ్చు. చెవిలో వినపడే గొంతులకు భయపడి దుప్పటి ముసుగు తన్ని ఉండొచ్చు. మందుల వల్ల ఒళ్లు బిగుసుకుపోయి ఉండొచ్చు. నిజంగా జబ్బే ఆసక్తిని తినేసి ఉండొచ్చు కూడా. వీటిని విడదీయకుండా వేసిన అంకెను నమ్మి మందు మారిస్తే నష్టపోయేది పేషెంటే. అందుకే పీజీ డాక్టర్లూ, క్లినికల్ సైకాలజిస్టులూ, సోషల్ వర్కర్లూ స్కోరు షీటు తీసేముందు కొంత పని చేసుకోవాలి.

కొలవాల్సినవి ఐదు. ముఖంలో, గొంతులో, చేతుల కదలికలో భావం తగ్గడం; మాట తగ్గడం; తనంతట తాను పని మొదలుపెట్టలేకపోవడం; సంతోషం తగ్గడం; మనుషుల్ని కలవాలన్న కోరిక తగ్గడం. అమెరికాలో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2005లో నిపుణులు కూర్చుని ఖాయం చేసిన జాబితా ఇదే. మొదటి రెండూ ఇంటర్వ్యూలో మీ కళ్లతో చూసి, చెవులతో విని వేయాల్సినవి. మిగతా మూడూ గడిచిన వారం గురించి అడిగి తెలుసుకోవాల్సినవి. "ఇంట్లో అస్సలు నవ్వడు" అని తల్లి చెప్పిందని ముఖకవళికలకు ఎక్కువ స్కోరు వేయడం, గదిలో ముభావంగా కూర్చున్నాడని 'స్నేహితులు వద్దనుకుంటున్నాడు' అని రాయడం, రెండూ తప్పే.

ఏ స్కేలు వాడాలి?

చాలాచోట్ల 1987లో వచ్చిన పాన్స్ (PANSS, స్కిజోఫ్రెనియాలో పాజిటివ్, నెగెటివ్ లక్షణాల్ని కొలిచే స్కేలు) వాడతారు. అందులో 30 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7. నెగెటివ్ భాగంలో 7 అంశాలు, మొత్తం 7 నుంచి 49 దాకా వస్తుంది. చిక్కేమిటంటే ఆ ఏడింటిలో ఎన్5 (సామెతలకు అర్థం చెప్పడం లాంటి అమూర్త ఆలోచన), ఎన్7 (మూస ఆలోచన) నిజానికి నెగెటివ్ లక్షణాలు కావు, ఆలోచనా తీరుకు సంబంధించినవి. పెద్దగా చదువుకోని మనిషి సామెతను విడమర్చి చెప్పలేకపోతే ఎన్5 పెరిగిపోతుంది. పరిశోధకుడు మార్డర్ బృందం 1997లో ఇచ్చిన కూర్పులో ఆ రెండూ లేవు. వాటి బదులు పాన్స్ సాధారణ భాగంలోని కదలికల మందకొడితనం (జీ7), మనుషుల్ని తప్పించుకు తిరగడం (జీ16) చేరాయి. పాన్స్ ఉంటే ఈ కూర్పే లెక్కకట్టండి. కానీ జీ16 అనుమానం వల్ల, భయం వల్ల కూడా పెరుగుతుంది, కారణం పక్కన రాయాల్సిందే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా ఓటు 2011లో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌కి (BNSS, నెగెటివ్ లక్షణాల్ని మాత్రమే కొలిచే చిన్న స్కేలు). 13 అంశాలు, ఒక్కోటి 0 నుంచి 6, మొత్తం 78. చెయ్యి తిరిగాక 15 నిమిషాల్లో అయిపోతుంది. 'ఏం చేశాడు', 'లోపల ఏమనిపించింది' అనే రెంటినీ విడివిడిగా అడగడం దీని గొప్ప. మన ఊళ్లో ఇది ఎంత అవసరమో కింద చూస్తారు. నెగెటివ్ లక్షణాలకే తయారైన 2013 నాటి కెయిన్స్ (CAINS) కూడా మంచిదే. అందులోనూ 13 అంశాలే, 0 నుంచి 4.

ఇంటర్వ్యూకు ముందు

నడక తలుపు దగ్గరి నుంచే గమనించండి. చేతులు ఊగుతున్నాయా? అడుగు చిన్నదైందా? కూర్చున్నాక ఒక చేత్తో మోచేతిని కింది నుంచి పట్టుకుని బొటనవేలిని మోచేతి మడత దగ్గరి కండరపు స్నాయువు మీద ఆనించండి, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ముంజేతిని నెమ్మదిగా వంచి చాపండి. సాఫీగా కాకుండా పళ్లచక్రం తిరిగినట్టు టక్ టక్‌మని ఆగి ఆగి కదిలితే అది మందుల వల్ల వచ్చిన పార్కిన్సన్ బిగువు. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వాడేవాళ్లలో తప్పకుండా చూడాలి. మందుల వల్ల వచ్చే ఈ బిగువును కొలిచే సింప్సన్-ఆంగస్ స్కేలులో పది అంశాలకు 0 నుంచి 4 వేసి, మొత్తాన్ని పదితో భాగించండి, 0.3 దాటితే ముఖంలో భావం తగ్గడాన్ని జబ్బు ఖాతాలో వేయడానికి తొందరపడొద్దు.

దిగులుకు కాల్గరీ స్కేలు వాడండి. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ల కోసమే తయారుచేసిన 9 అంశాలవి. 27లో 6 దాటితే డిప్రెషన్‌ను గట్టిగా అనుమానించాలి. దిగులున్న మనిషి బాధపడతాడు, తనను తాను నిందించుకుంటాడు. నెగెటివ్ లక్షణాలున్న మనిషిలో బాధ కూడా పలచబడుతుంది. బీఎన్ఎస్ఎస్‌లో 'మామూలుగా కలగాల్సిన బాధ కలగకపోవడం' అనే అంశం ఇక్కడ చాలా సాయపడుతుంది. సంతోషం లేదంటూనే బాధ మాత్రం నిండా ఉందంటే దిగులు వైపు చూడండి. కాల్గరీలో ఆత్మహత్య ప్రశ్న ఉంటుంది. దాన్ని దాటవేయొద్దు. ఇంటికి పంపేటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 కుటుంబానికి రాసివ్వండి.

క్లోజపిన్, ఓలాంజపిన్ రాత్రిపూట వేసుకునేవాళ్లను పొద్దున తొమ్మిదింటికి కూర్చోబెడితే మీరు కొలిచేది మత్తునే. పదకొండు తర్వాత పిలవండి. తర్వాతి సారీ అదే వేళకు పిలవండి.

అడిగే పద్ధతి

ముందు భాష తేల్చుకోండి. పాతబస్తీ నుంచి వచ్చిన, ఇంట్లో దక్కనీ మాట్లాడే మనిషిని తెలుగులో అడిగితే రెండు ముక్కల్లో జవాబిస్తాడు. దాన్ని మాట తగ్గడం అనుకుంటే పొరపాటు. ఆయన భాష వచ్చినవాళ్లే అడగాలి. దుబాసీ ద్వారా అడిగినప్పుడు మాటల మోతాదుకు స్కోరు వేయకండి.

"బాగున్నారా? నిద్ర పడుతోందా?" అంటే "ఆ", "ఊ" తప్ప ఇంకేమొస్తుంది? "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా చెప్పండి" అనండి. అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఈ పది సెకన్లలోనే పక్కనున్న తండ్రి అందుకుంటాడు. అందుకే మొదట పేషెంటుతో ఒక్కరితోనే, తర్వాత కుటుంబంతో విడిగా మాట్లాడాలి.

నిన్నటి రోజును గంటల వారీగా కాగితం మీద గీస్తే విషయం బయటపడుతుంది. పదింటికి లేచాడు, టీ తాగాడు, ఫోన్‌లో క్రికెట్ చూశాడు, సాయంత్రం కిరాణా కొట్టుకెళ్లి పాలు తెచ్చాడు. ఇక్కడ ఆగి అడగండి: "పాలు తెమ్మని అమ్మ చెప్పిందా, మీరే వెళ్లారా? ఎన్నిసార్లు చెబితే వెళ్లారు?" నాలుగుసార్లు చెబితే వెళ్లాడంటే పని జరిగింది గానీ చొరవ అతనిది కాదు. తర్వాత, "వెళ్లకముందు వెళ్లాలనిపించిందా?" తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది: 'చెయ్యబుద్ధి కావట్లేదు'. 'చెయ్యలేకపోతున్నా', 'చెయ్యనివ్వట్లేదు', 'చెయ్యబుద్ధి కావట్లేదు', ఈ మూడూ మూడు వేర్వేరు విషయాలు. పేషెంటు ఏది అన్నాడో అదే మాటను అలాగే రాసుకోండి.

సంతోషాన్ని రెండుగా అడగాలి. బోనాలప్పుడు చుట్టాలింటికి వెళ్లినప్పుడు బాగా అనిపించిందా అన్నది ఒకటి. వెళ్లేముందు ఎదురుచూశారా అన్నది మరొకటి. అక్కడికెళ్లాక హాయిగానే గడిపి, ముందుగా మాత్రం ఏ ఆశా పుట్టనివాళ్లు చాలామంది. రెండిటినీ కలిపి "సంతోషంగా ఉంటారా?" అని అడిగితే ఆ తేడా కనిపించదు.

ముఖానికి స్కోరు వేయాలంటే ముఖం కదిలే సంగతి తేవాలి. మందుల డోసుల గురించే మాట్లాడితే ఎవరి ముఖమైనా రాయిలాగే ఉంటుంది. ఒక ఆనందం, ఒక బాధ అడిగి చెప్పించండి. పెద్దల ముందు తలవంచుకోవడం, డాక్టరు కళ్లలోకి చూడకపోవడం మన మర్యాద, లక్షణం కాదు. వీడియో కాల్‌లో చేతులు కనపడవు కాబట్టి చేతుల కదలిక గడిని ఖాళీగా వదిలి కారణం రాయండి, ఊహించి నింపొద్దు.

అవకాశమే లేనివాళ్లు

ఇంట్లోవాళ్లు గడప దాటనివ్వని కోడలు ఎవరినీ కలవలేదంటే ప్రవర్తనకు స్కోరు ఎక్కువే వస్తుంది. లోపలి కోరిక అడిగితే, "మా అక్క ఫోన్ చేస్తదేమోనని చూస్తుంటా" అంటుంది. అప్పుడు ఆ రెండో అంశానికి తక్కువ వేయాలి. బీఎన్ఎస్ఎస్ మీద మా మొగ్గుకు అసలు కారణం ఇదే. తిట్టుకు భయపడి వంటపనంతా చేసేవాళ్లదీ ఇలాంటి సంగతే, కాకపోతే అటుది ఇటు. పని కనపడుతుంది, ఇష్టం కనపడదు. పని లేని కొడుకును ఇంట్లోవాళ్లు 'సోమరి' అంటారు. ఆ మాటను స్కోరుగా మార్చకుండా, జబ్బుకు ముందు అతను ఎలా ఉండేవాడో అడగండి.

లెక్కలో జరిగే తప్పు

పాన్స్ నెగెటివ్ స్కోరు 28 నుంచి 21కి తగ్గితే 25 శాతం మెరుగు అని రాస్తారు. ఈ స్కేలు సున్నా నుంచి కాదు, 7 నుంచి మొదలవుతుంది. 7ను తీసేసి లెక్కించాలి: తగ్గిన 7ను 21తో భాగిస్తే 33 శాతం.

కొత్తగా నేర్చుకునేవాళ్లు సీనియర్‌తో ఒకే ఇంటర్వ్యూలో కూర్చుని, ఒకరి షీటు ఒకరు చూడకుండా వేయాలి. ఏ అంశంలోనైనా ఒక పాయింటు కంటే ఎక్కువ తేడా వస్తే మాన్యువల్‌లో ఆ అంకెకు రాసిన వివరణ తెరిచి ఇద్దరూ కలిసి చదవాలి. సగటు తీసి సర్దుకోవడం మానండి. మందు మార్చాక మళ్లీ కొలిచేటప్పుడు పాత షీటు చూడకండి. అదే మనిషి, అదే వేళ, అదే భాష, అదే ప్రశ్నల వరస. స్కోరు పక్కన ఆ రోజు వేసుకుంటున్న మందులు డోసులతో సహా, సింప్సన్-ఆంగస్, కాల్గరీ అంకెలు రాసి పెట్టండి. ఆర్నెల్ల తర్వాత షీటు తీసేవాళ్లకు ముఖం కదలకపోవడానికి కారణం జబ్బా, మాత్రా అన్నది ఆ మూడు వరసల్లోనే దొరుకుతుంది.