అంటువ్యాధి వేళ వైద్య విద్యార్థులను వార్డులోకి పంపే ముందు

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించి, బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో శ్వాస ఆడని రోగులకు సరిపడా యంత్రాలు లేకపోవడంతో, మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచించిన పద్ధతిలో దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా పడకల పక్కన కూర్చుని, రోగి గొంతులో అమర్చిన గొట్టానికి తగిలించిన సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించారు. వారికి అప్పగించిన పని ఒక్కటే. అది త్వరగా నేర్పదగినదే. అందుకే, ఎవరికి ఏది వీలైతే అది చేయమని విద్యార్థులను వార్డులో వదిలేసే అలవాటును ముందుగా మానుకోవాలి.

విద్యార్థి చేయవలసిన పనులను, చేయకూడని పనులను కాగితంపై రాసి వార్డులో అంటించండి. ఆక్సిజన్ శాతం, నాడి, ఉష్ణోగ్రత నమోదు చేయడం, కేస్ షీట్ రాయడం అప్పగించవచ్చు; మరణవార్తను బంధువులకు ఒంటరిగా చెప్పే బాధ్యత అప్పగించకూడదు. ప్రతి డ్యూటీకీ జవాబుదారీగా ఉండే సీనియర్ డాక్టర్ పేరు ఆ కాగితంపైనే ఉండాలి. డ్యూటీకి వస్తారా అని అడిగే వ్యక్తి, మార్కులు వేసే వ్యక్తి ఒకరే అయితే "రాను" అనే ధైర్యం ఎవరికీ ఉండదు కనుక, ఆ రెండు పనులూ వేర్వేరు వ్యక్తులకు ఇవ్వండి.

రక్షణ దుస్తులు వేసుకోవడం కన్నా విప్పడం నేర్పడానికే ఎక్కువ సమయం కేటాయించండి, ఎందుకంటే అలసిపోయి తొందరపడే వేళ చేతులకు, ముఖానికి క్రిములు అంటేది అప్పుడే. మొదటి గ్లౌజును మణికట్టు దగ్గర బయటి వైపు పట్టుకుని తిరగేస్తూ లాగి, రెండో చేతి పిడికిట్లో ఉంచుకోవాలి. ఆపై ఖాళీ చేతి వేళ్లను రెండో గ్లౌజు లోపలికి దూర్చి, మొదటిదాన్ని కప్పేలా తిరగేయాలి. ఎన్95 మాస్కును గది బయటికి వచ్చాకే, ముందు భాగాన్ని తాకకుండా పట్టీలతో తీసి, చేతులు మళ్లీ శుభ్రం చేసుకోవాలి. సాధనలో గ్లౌజులకు కడిగితే పోయే రంగు పూయండి. మణికట్టుపై చుక్క కనబడినా మొదటి నుంచి చేయించండి. కొందరు విసుక్కుంటారు, ఫరవాలేదు.

డ్యూటీ ముగిశాక పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడించండి. తొలిసారి మరణాన్ని చూసిన విద్యార్థి సాధారణంగా "బాగానే ఉన్నాను" అంటాడు. సీనియర్ తన తొలి అనుభవం ముందుగా చెబితే అతడూ నోరు విప్పుతాడు. జబ్బు సోకితే చికిత్స ఖర్చు ఎవరిది, విడిగా ఉండే గది ఎక్కడ, తప్పిన పరీక్ష మళ్లీ ఎప్పుడు అన్న మూడింటికీ మొదటి డ్యూటీకి ముందే రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.