యాంటీబయాటిక్ కోర్సు తర్వాత ప్రోబయాటిక్‌ను ఎంచుకోవడం ఎలా?

ప్రోబయాటిక్ అంటే మేలు చేసే సజీవ సూక్ష్మజీవులున్న ఉత్పత్తి. యాంటీబయాటిక్ వాడాక పేగుల్లో ఈస్ట్ పెరుగుతుందన్న భయంతో దాన్ని కొనేవారుంటారు. కాండిడా అనే ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) ఆరోగ్యవంతుల పేగుల్లోనూ కొద్దిపాటిగా ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచే బాక్టీరియాను యాంటీబయాటిక్ మందులు దెబ్బతీసినప్పుడు, అది పెరిగే అవకాశం ఎక్కువవుతుంది. అయితే కడుపుబ్బరం, నీరసం ఉన్నంత మాత్రాన ఈస్ట్ పెరిగిందని నిర్ధారించుకోకూడదు. ఈస్ట్ పెరిగిందో లేదో తెలుసుకోవడానికంటూ పొద్దున్నే గ్లాసు నీటిలో ఉమ్మి చూసే పరీక్షకు శాస్త్రీయమైన ఆధారమేమీ లేదు. నోటిలో తెల్లని పూత, జననాంగాల వద్ద దురద వంటివి కనిపిస్తే వైద్యుణ్ణి కలవాలి. ప్రోబయాటిక్ ఎన్నటికీ యాంటీఫంగల్ (శిలీంధ్రాలను అణచే) మందుకు ప్రత్యామ్నాయం కాదు.

కొనేటప్పుడు డబ్బా మీద సూక్ష్మజీవి పేరు, దాని స్ట్రెయిన్ (ఉపరకం) సంకేతం, గడువు తేదీ నాటికి సజీవంగా ఉండే కణాల సంఖ్య, నిల్వ ఉష్ణోగ్రత చూడండి. బాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కూ దానికీ మధ్య కనీసం 2 గంటల ఎడం పాటించాలి.

ప్రోబయాటిక్‌గా అమ్మే శాకరోమైసిస్ బౌలార్డీ సంగతి వేరు. అది స్వయంగా ఈస్టే (ముల్లును ముల్లుతో తీయడమన్నమాట), కనుక యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు. కానీ ఫ్లూకోనజోల్ వంటి యాంటీఫంగల్ వాడుతున్న రోజుల్లో దాన్ని మింగితే డబ్బు దండగే. కీమోథెరపీ వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారు, పెద్ద రక్తనాళంలో సెంట్రల్ లైన్ (మందులెక్కించే గొట్టం) అమర్చినవారు దీన్ని వాడకూడదు, ఎందుకంటే అది రక్తంలో చేరి ప్రాణాపాయకరమైన ఇన్ఫెక్షన్ కలిగించిన సందర్భాలున్నాయి.

ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ స్ట్రెయిన్ ఎంత ఉందో చెప్పలేము గాని, ఆహారంగా అది మంచిదే. మజ్జిగ పులుసులా మరిగిస్తే మాత్రం అందులోని బాక్టీరియా చనిపోతుంది. పెరుగన్నానికైనా అన్నం గోరువెచ్చగా చల్లారాకే కలపండి.