ఎరాస్మస్ ప్లస్‌లో ఒక సెమిస్టర్: ఎంఏ పొలిటికల్ సైన్స్ విద్యార్థులకు దరఖాస్తు విధానం

ఎంఏ చదువుతూ ఒక సెమిస్టర్ యూరప్‌లో చదివి రావాలంటే యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చి నడిపే ఎరాస్మస్ ప్లస్ పథకం మంచి దారి. దీనికి ఏజెంటు అక్కర్లేదు. మీ యూనివర్సిటీకి అక్కడి యూనివర్సిటీతో ఒప్పందం ఉంటేనే సీటు. లేకపోతే ఎవరికి ఎంత కట్టినా రాదు. ఎరాస్మస్ ముండస్ అనేది వేరే, అందులో పూర్తి మాస్టర్స్ డిగ్రీ చేస్తారు. ఈ రెండింటినీ కలిపి చెప్పి డబ్బులడిగే వాళ్ల దగ్గర ఆగకండి.

మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కనుక్కోండి. మార్కుల మెమోలు, పాస్‌పోర్ట్, సీవీ, ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో ఒక ఉత్తరం, అడిగితే ఇంగ్లిష్ పరీక్ష స్కోరు సిద్ధంగా ఉంచుకోండి. ఎంపికైతే మీ పేరు అక్కడి యూనివర్సిటీకి ఆ ఆఫీసు వాళ్లే పంపుతారు. అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, ఇక్కడి ఫీజు మాత్రం కట్టాల్సి రావచ్చు. దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోల దాకా గ్రాంటు, దారి ఖర్చులకు కొంత ఇస్తారు. చేతికి రావడం ఆలస్యం కావచ్చు, కాబట్టి మొదటి నెల ఖర్చు దగ్గర పెట్టుకోండి.

అసలు చిక్కు చదివే కోర్సుల గురించి ముందే రాసుకునే ఒప్పందం, అంటే లెర్నింగ్ అగ్రిమెంట్‌తోనే. టేబుల్ ఎ‌లో అక్కడ చదివే కోర్సులు, టేబుల్ బి‌లో వాటికి బదులుగా ఇక్కడ మాఫీ అయ్యే పేపర్లు రాయాలి. మీరు, రెండు యూనివర్సిటీలు, మొత్తం మూడు సంతకాలు. ఎ‌ని శ్రద్ధగా నింపి, బి‌లో "సమానమైన కోర్సులు" అని ఒక్క ముక్క రాసేసేవాళ్లు ఎక్కువ. తిరిగొచ్చాక మార్కులు ఎక్కక సెమిస్టర్ మళ్లీ చదవాల్సి వచ్చేది అక్కడే.

టేబుల్ బి‌లో ప్రతి పేపరు పేరు, కోడ్, క్రెడిట్లు విడివిడిగా రాయండి. యూరప్‌లో సెమిస్టర్‌కు మామూలుగా 30 ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీలు వాడే క్రెడిట్ల పద్ధతి) క్రెడిట్లు. మన క్రెడిట్ల లెక్క వేరు, అంకెకు అంకె సరిపోదు. కంపారిటివ్ పాలిటిక్స్‌కు అక్కడ జోడీ సులభంగా దొరుకుతుంది. ఇండియన్ పొలిటికల్ థాట్ లాంటి తప్పనిసరి పేపరుకు దొరకడం కష్టం. అందుకే ఎలక్టివ్‌లు ఎక్కువున్న సెమిస్టర్ చూసుకుని వెళ్లండి.

"వెళ్లిరా అమ్మా, వచ్చాక చూద్దాం" అని హెచ్‌ఓడీ ప్రేమగానే అంటారు. మీరు తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉండొచ్చు. పేపర్ల మాఫీకి అనుమతి ముందే కాగితం మీద తీసుకోండి. డిపార్ట్‌మెంట్ ఆమోదంతో అగ్రిమెంట్ కాపీ ఒకటి ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని ఆ జిరాక్స్ ఇంట్లో ఉంచండి. ఇలా అడగడం అమర్యాద కాదు, మొహమాటపడకండి.

అక్కడికెళ్లాక ఏదైనా కోర్సు రద్దయితే టెన్షన్ పడొద్దు, అలా జరుగుతుంటుంది. మార్పుల కోసం అదే అగ్రిమెంట్‌లో వేరే భాగం ఉంది. తొలి వారాల్లోనే నింపి, మళ్లీ మూడు సంతకాలూ పెట్టించండి. వాట్సాప్‌లో వచ్చిన "ఓకే" సరిపోదు.