అపోస్టిల్ వేయించినా పత్రం వెనక్కొచ్చిందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

విదేశానికి పంపిన సర్టిఫికెట్ తిరిగొస్తే చాలామంది వెంటనే ఇంకో స్టాంపు వేయించడానికి పరిగెడతారు. స్టాంపులు పెరుగుతాయి, పని మాత్రం అక్కడే ఉంటుంది. అపోస్టిల్ అంటే ఒక దేశపు పత్రాన్ని ఇంకో దేశంలో చూపించడానికి, పత్రం పుట్టిన దేశపు అధికారులు దానికి జతచేసే ధ్రువీకరణ. అది పూచీ పడేది మూడింటికే: ఆ సంతకం ఫలానా అధికారిదే, ఆ హోదాలోనే పెట్టారు, ముద్ర అసలుదే. లోపల రాసిన మార్కులు, తేదీలు, పేర్లు నిజమో కాదో దానికి సంబంధం లేదు. ఏ చిక్కు వచ్చినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడ ఎవరి సంతకానికి పూచీ దొరికింది, వాళ్లకు కావాల్సింది ఎవరి సంతకం?

లక్షణం: "అపోస్టిల్ మాకు చెల్లదు, ఎంబసీ స్టాంపు కావాలి"

అపోస్టిల్ 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం కింద నడిచే పద్ధతి. పత్రం పుట్టిన దేశం, అది వెళ్లాల్సిన దేశం రెండూ ఒప్పందంలో ఉంటేనే పనిచేస్తుంది. అవతలి దేశం లేకపోతే పాత గొలుసే గతి: పత్రం ఇచ్చిన కార్యాలయం, దానిపై అధికారం ఉన్న శాఖ, ఆపైన విదేశాంగ శాఖ, చివర్లో వెళ్లాల్సిన దేశపు ఎంబసీ. మధ్యలో ఒక మెట్టు దాటేస్తే పై మెట్టువాళ్లు ముట్టుకోరు.

చిక్కేమిటంటే సభ్యుల జాబితా మారుతూ ఉంటుంది. ఒప్పందం సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు 7న, చైనాలో 2023 నవంబరు 7న, కెనడాలో 2024 జనవరి 11న అమల్లోకి వచ్చింది. అంతకుముందు వెళ్లినవాళ్లు ఇచ్చే సలహా మంచి మనసుతోనే ఇస్తారు గానీ అది పాతబడిపోయింది. పైగా సభ్యత్వం ఉన్నంత మాత్రాన సరిపోదు. కొత్తగా చేరిన దేశంపై పాత సభ్యదేశం అభ్యంతరం చెప్పవచ్చు, అప్పుడు ఆ రెండింటి మధ్య ఒప్పందం వర్తించదు. చైనా చేరినప్పుడు భారత్ అలాగే అభ్యంతరం చెప్పింది.

పరిష్కారం: ఈ ఒప్పందం బాధ్యత చూసే అంతర్జాతీయ సంస్థ హేగ్ కాన్ఫరెన్స్ (HCCH) వెబ్‌సైట్‌లో ఈ ఒప్పందం స్టేటస్ పట్టిక ఉంటుంది. వెళ్లాల్సిన దేశం పేరు, అమలు తేదీ, అభ్యంతరాల గడి మూడూ చూడండి. రెండు దేశాల మధ్య ఒప్పందం వర్తిస్తుంటే అపోస్టిల్ మీద మళ్లీ ఎంబసీ స్టాంపు అక్కర్లేదు. అపోస్టిల్ మీది సంతకానికి వేరే ధ్రువీకరణ అడగకూడదని ఒప్పందమే చెబుతోంది. "రెండూ వేయిస్తే సేఫ్" అనే ఏజెంటు మీ భద్రత కంటే తన బిల్లు గురించి ఎక్కువ ఆలోచిస్తున్నట్టే.

లక్షణం: "ఇది డిగ్రీ మీద వేసిన అపోస్టిల్ కాదు"

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. కాగితం చేతిలోకి తీసుకుని చూడండి. అపోస్టిల్ చదరంగా ఉంటుంది, ఒక్కో వైపు కనీసం 9 సెంటీమీటర్లు, పైన ఫ్రెంచి శీర్షిక, లోపల 1 నుంచి 10 వరకు అంకెలు వేసిన వరుసలు. రెండో వరుసలో పత్రంపై సంతకం చేసినవారి పేరు, మూడో వరుసలో వారి హోదా ఉంటాయి. అక్కడ యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఉండాల్సిన చోట "నోటరీ" అని కనిపిస్తే సంగతి అర్థమైనట్టే. మీరిచ్చింది జిరాక్సు, దాన్ని నోటరీ ధ్రువీకరించారు, అపోస్టిల్ ఆ నోటరీ సంతకానికి పడింది. యూనివర్సిటీ సంతకం గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు.

నోటరీ కాపీ అన్నిచోట్లా తప్పేం కాదు. పవర్ ఆఫ్ అటార్నీ, అఫిడవిట్ లాంటివి మనం సొంతంగా సంతకం చేసేవి కాబట్టి వాటికి నోటరీ దారే సరైనది. డిగ్రీ, జనన ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం విషయంలో మాత్రం అవతలివాళ్లను ముందే అడగండి: ఒరిజినల్ మీదా, ధ్రువీకరించిన కాపీ మీదా? జవాబు మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పినమాట కౌంటర్ దగ్గర నిలబడదు.

లక్షణం: అపోస్టిల్ వేసే ఆఫీసే వెనక్కి పంపింది

"సంతకం మా దగ్గర లేదు" అన్నారంటే, ఆ అధికారి నమూనా సంతకం వాళ్ల రికార్డులో లేదన్నమాట. పాత సర్టిఫికెట్లకు, ఎప్పుడో రిటైరైన అధికారి సంతకాలకు ఇది మామూలే. ఇచ్చిన కార్యాలయం నుంచి ఇప్పటి అధికారి సంతకంతో తాజా ప్రతి తెచ్చుకోవడం దగ్గరి దారి.

"ఇది మా పరిధి కాదు" అంటే తలుపు తప్పు తట్టారు. అమెరికాలో రాష్ట్రం ఇచ్చిన జనన ధ్రువపత్రానికి ఆ రాష్ట్రమే అపోస్టిల్ వేస్తుంది. ఎఫ్‌బీఐ ఇచ్చిన నేరచరిత్ర నివేదిక మాత్రం ఫెడరల్ విదేశాంగ శాఖకు వెళ్లాలి. ఎక్కడ ఉంటున్నాం అన్నది లెక్కలోకి రాదు, పత్రం ఎక్కడ పుట్టిందో అక్కడికే పోవాలి. ఎంబసీ, కాన్సులేట్ స్వయంగా ఇచ్చిన పత్రాలైతే అసలు ఒప్పందం పరిధిలోకే రావు. అదే వివరం స్వదేశంలోని రిజిస్ట్రార్ నుంచి దొరికితే ఆ ప్రతి తీసుకుని దానికి వేయించండి.

లక్షణం: "అనువాదం పనికిరాదు"

ముందు అనువదించి తర్వాత అపోస్టిల్ వేయిస్తే, అపోస్టిల్ మీది రాత అనువాదం కాకుండా మిగిలిపోతుంది. వరుస తిప్పండి: ముందు అపోస్టిల్, తర్వాత రెండూ కలిపి అనువాదం. చాలా దేశాలు తమ దగ్గర నమోదైన అనువాదకుడి పని మాత్రమే ఒప్పుకుంటాయి. కాబట్టి అక్కడికి వెళ్లాక చేయించుకోవడమే కొన్నిసార్లు మేలు.

లక్షణం: "గడువు తీరింది"

అపోస్టిల్‌కు గడువు లేదు. గడువు కింది పత్రానికి. పోలీస్ క్లియరెన్స్, అవివాహిత ధ్రువపత్రం లాంటివాటిని చాలాచోట్ల మూడు నుంచి ఆరు నెలల లోపువైతేనే తీసుకుంటారు. కొత్తది తెచ్చి, దానికి మళ్లీ అపోస్టిల్ వేయించడం తప్ప మార్గం లేదు. ఇలాంటివాటిని అన్నిటికన్నా చివర్లో తెచ్చుకోండి.

చిన్నవే గానీ పని చెడగొట్టేవి

స్కాన్ చేయడానికి పిన్ను తీశారా? విడి కాగితంగా జతచేసిన అపోస్టిల్ ఒకసారి ఊడితే దాన్ని ఎవరూ నమ్మరు. లామినేట్ చేసిన సర్టిఫికెట్‌ను చాలా ఆఫీసులు తీసుకోవు. ఈ-అపోస్టిల్‌ను, అంటే కంప్యూటర్ ఫైల్‌గా ఇచ్చే అపోస్టిల్‌ను, ప్రింట్ తీసి ఇస్తే డిజిటల్ సంతకం పోయినట్టే, ఫైల్‌నే పంపాలి. అవతలివాళ్లకు అనుమానం ఉంటే, అపోస్టిల్ మీది నంబరు, తేదీతో అది వేసిన దేశపు రిజిస్టర్‌లో సరిచూసుకోమనండి. ప్రతి అపోస్టిల్‌నూ అలా నమోదు చేయడం తప్పనిసరి, చాలా దేశాల్లో ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది.

లక్షణం: "పాస్‌పోర్టులో పేరు వేరుగా ఉంది"

దీనికి అపోస్టిల్‌లో మందు లేదు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉన్నా, అక్షరం తేడా వచ్చినా, పత్రం ఇచ్చిన కార్యాలయంలో దిద్దించి కొత్త ప్రతి తీసుకోవాలి. దిద్దడం కుదరకపోతే రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ ఇస్తారు. అయితే అదీ విదేశానికి వెళ్లే పత్రమే, దానికీ నోటరీ సంతకం, దానిమీద ఇంకో అపోస్టిల్ కావాలి. అఫిడవిట్ ఒప్పుకుంటారో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.