వించ్ లాగట్లేదా? ముందు నెగటివ్ వైరు చూడండి

థార్‌కో పాత బొలెరోకో వించ్, అంటే దిగబడ్డ బండిని తాడుతో బయటికి లాగే కరెంటు మోటారు, పెట్టించుకుంటాం. తీరా బండి బురదలో దిగబడ్డాక అది మూలుగుతుందే తప్ప లాగదు, హెడ్‌లైట్లు మసకబారతాయి. పెద్ద ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) కొనేముందు నెగటివ్ వైరు ఎక్కడ బిగించారో చూడండి.

చాలాచోట్ల దాన్ని దగ్గర్లో ఉన్న చాసిస్ బోల్టుకే తగిలించేస్తారు. 9,500 పౌండ్ల బరువు లాగగల 12 వోల్టుల వించ్ పూర్తి లోడు మీద సుమారు 400 ఆంపియర్లు తీసుకుంటుంది. పెయింటు, తుప్పు పట్టిన జాయింటు అంత కరెంటును ఎక్కడ మోస్తుంది?

వెల్డింగ్ సామాన్ల షాపులో 35 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ తెచ్చి, వించ్ నెగటివ్ నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు వేయండి. పాజిటివ్ కూడా అదే మందం ఉండాలి, మధ్యలో కరెంటును పూర్తిగా ఆపేసే ఐసోలేటర్ స్విచ్ పెట్టించండి. కేబుల్ చివర్లకు తొడిగే లగ్గులు (బోల్టుకు బిగించే లోహపు ముక్కలు) క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి, సుత్తితో కొడితే కొన్నాళ్లకే వదులైపోతాయి. రేకు అంచులు తగిలేచోట కేబుల్‌కు రబ్బరు గొట్టం తొడగండి. ఒరుసుకుని షార్ట్ అయితే బండే కాలిపోతుంది.

తర్వాత మల్టీమీటర్‌కు పొడవాటి వైర్లు కలిపి, తాడుకు దూరంగా నిలబడి, వించ్ లాగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ మోటారు నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ చూడండి. అర వోల్టు దాటితే ఏదో జాయింటు ఇంకా సరిగ్గా లేనట్టే.

బ్యాటరీయే ముసలిదైతే మాత్రం ఎంత మందం కేబుల్ వేసినా లాభం లేదు. ముందు దానికి లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ సత్తా చూసే పరీక్ష) చేయించండి. లాగేటప్పుడు ఇంజన్ ఆన్‌లోనే ఉంచాలి.