పన్నెండు గడుల్లో స్వీడన్: మట్టి కోర్టు ఆటగాళ్లను గుర్తుపెట్టుకునే పద్ధతి

మా అన్న కూతురు అనంతపురంలో రోజూ సాయంత్రం టెన్నిస్ ప్రాక్టీస్‌కు పోతుంది. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ ఫౌండేషన్, ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ కలిసి ఇక్కడ టెన్నిస్ స్కూల్ పెట్టి, 2010 అక్టోబరులో నాదల్ స్వయంగా వచ్చి వెళ్లినప్పటి నుంచి మా ఊరి పిల్లలకు మట్టి కోర్టు అంటే నాదలే. ఒకరోజు బూట్లకు అంటిన ఎర్రమట్టి దులుపుకుంటూ "చిన్నాయనా, నాదల్ కంటే ముందు ఈ మట్టి మీద ఎవరుండిరి?" అని అడిగింది. నేను ఉత్సాహంగా స్వీడన్ ఆటగాళ్ల పేర్లు బోర్గ్, విలాండర్, ఎడ్బర్గ్, సుండ్‌స్ట్రోమ్, నీస్ట్రోమ్, పెర్న్‌ఫోర్స్ అని వరసగా చెప్పేశాను. మర్నాడు అడిగితే బోర్గ్ ఒక్కడే గుర్తున్నాడు. అంత గొప్ప ఆటగాళ్లు ఒక్క రాత్రిలో చెరిగిపోవడం నాకు నిజంగా బాధనిపించింది. తప్పు నేను చెప్పిన తీరులో ఉంది. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి తయారు చేసుకున్నాం, రెండు వారాల్లో తను చూడకుండా చెప్పగలిగింది.

మొదట పేర్లు పక్కన పెట్టి, నోట్‌బుక్‌లో పన్నెండు గడులు గీయండి. వాటిలో 1978 నుంచి 1989 దాకా సంవత్సరాలు వేయండి. ఇవి ప్యారిస్‌లో మట్టి కోర్టు మీద ఆడే ఫ్రెంచ్ ఓపెన్ పురుషుల సింగిల్స్ ఫైనల్ జరిగిన సంవత్సరాలు. ఈ పన్నెండింటిలో పదకొండు ఫైనళ్లలో ఒక స్వీడన్ ఆటగాడు ఉన్నాడు. అప్పట్లో తొంభై లక్షల జనాభా కూడా లేని దేశం, ఏడాదిలో సగం చలి, మంచు! ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా దానికి తగిలించుకోవడమే.

మొదటి నాలుగు గడులు, 78, 79, 80, 81, బ్యోర్న్ బోర్గ్‌వి. నాలుగూ గెలిచాడు. అంతకుముందు 1974, 75లో కూడా గెలిచాడు కాబట్టి మొత్తం ఆరు. "రెండు, ఆగి, నాలుగు" అని లెక్క పెట్టుకోండి. మధ్యలో ఎందుకు ఆగాడంటే, 76లో ఇటలీ ఆటగాడు ఆడ్రియానో పనట్టా చేతిలో ఓడాడు, 77లో అమెరికాలో టీమ్ టెన్నిస్ ఆడుతూ ప్యారిస్‌కు రాలేదు. స్వీడిష్‌లో బోర్గ్ అంటే కోట. మాకు గుత్తి కోట పక్కనే ఉంది కనుక ఈ పేరు మా పాపకు ఇక చచ్చినా పోదు. ప్యారిస్‌లో ఆ కోట ఎక్కింది పనట్టా ఒక్కడే, అది కూడా రెండుసార్లు, 1973లో ఒకసారి, 76లో ఒకసారి. అక్కడ ఆడిన 51 మ్యాచుల్లో బోర్గ్ ఓడినవి ఆ రెండే.

తర్వాత మ్యాట్స్ విలాండర్. ఇతనిది ఇంకా సులువు, మూడేళ్లకొకసారి గెలిచాడు: 82, 85, 88. మధ్యలో 83లో యానిక్ నోవా చేతిలో, 87లో ఇవాన్ లెండిల్ చేతిలో ఫైనల్ ఓడాడు. ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. 82 ఫైనల్లో విలాండర్ ఓడించింది విలాస్‌ని. పేర్లు రెండూ "విలా"తోనే మొదలవుతాయి. విలాస్ అర్జెంటీనా ఆటగాడు, ఎడమ చేతి వాటం, అప్పటికే పెద్ద పేరున్నవాడు. విలాండర్ పదిహేడేళ్ల కుర్రాడు, సీడింగ్ (టోర్నీకి ముందు మేటి ఆటగాళ్లకు ఇచ్చే వరస సంఖ్య) కూడా లేదు. ఆ ఏడాది సెమీఫైనల్ కథ మాత్రం పిల్లలకు తప్పకుండా చెప్పండి. మ్యాచ్ పాయింట్ మీద హోసే లూయిస్ క్లెర్క్ కొట్టిన బంతి అవుట్ అని అంపైర్ ప్రకటించాడు, అంటే విలాండర్ గెలిచినట్టే, కానీ బంతి లోపలే పడిందని తనకు అనిపించి ఆ పాయింట్ మళ్లీ ఆడదామన్నాడు. ఆడి, మళ్లీ గెలిచాడు. పదిహేడేళ్ల వయసులో, ప్యారిస్ సెమీఫైనల్లో! అది విన్నాక మా పాప విలాండర్‌ని ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఇక మిగిలినవి 84, 86, 89.

86 మికాయెల్ పెర్న్‌ఫోర్స్‌ది. అమెరికాలో కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చినవాడు, సీడింగ్ లేకుండానే ఎడ్బర్గ్‌నీ బెకర్‌నీ దాటుకుని ఫైనల్‌కు వెళ్లి లెండిల్ దగ్గర ఓడాడు. 89 స్టెఫాన్ ఎడ్బర్గ్‌ది. ఇతను మట్టి మనిషి కాదు, సర్వ్ చేసి నెట్ దగ్గరికి పరిగెత్తేవాడు, బ్యాక్‌హ్యాండ్ ఒంటి చేత్తో కొట్టేవాడు. అయినా ఫైనల్లో మైకేల్ చాంగ్ మీద రెండు సెట్లు ఒకటితో ముందుండి చివరికి ఐదు సెట్లలో ఓడాడు. మిగతా మూడు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచిన ఎడ్బర్గ్‌కు దక్కనిది ఇదొక్కటే.

84 గడి ప్యారిస్‌లో ఖాళీ. లెండిల్, మెకెన్రో ఆడారు, స్వీడన్ వాళ్లు లేరు. ఆ ఖాళీలో డిసెంబరు రాసుకోండి. గోథెన్‌బర్గ్‌లో ఇండోర్ హాల్లో మట్టి పరిచి అమెరికాతో డేవిస్ కప్, అంటే దేశాల జట్ల పోటీ, ఫైనల్ ఆడారు. విలాండర్ కానర్స్‌ని, హెన్రిక్ సుండ్‌స్ట్రోమ్ మెకెన్రోని వరస సెట్లలో ఓడించారు. మెకెన్రో ఆ ఏడాది మొత్తం ఓడింది మూడే మూడు మ్యాచులు: ప్యారిస్‌లో లెండిల్ చేతిలో, సిన్సినాటిలో మన విజయ్ అమృత్‌రాజ్ చేతిలో, గోథెన్‌బర్గ్‌లో సుండ్‌స్ట్రోమ్ చేతిలో. అమృత్‌రాజ్ పక్కన పెట్టి చెప్తే సుండ్‌స్ట్రోమ్ పేరు మనవాళ్లకు దగ్గరగా వస్తుంది.

రెండు "స్ట్రోమ్"లు కలిసిపోతుంటే ఇలా విడదీయండి. స్ట్రోమ్ అంటే ప్రవాహం. నీ అంటే కొత్త. యోకిమ్ నీస్ట్రోమ్, అంటే కొత్త ఏరు, తర్వాత వచ్చినవాడు. మట్టి మీదే ఆడే మాంటెకార్లో టోర్నీలో సుండ్‌స్ట్రోమ్ 1984లో గెలిస్తే నీస్ట్రోమ్ 1986లో గెలిచాడు. అదే మాంటెకార్లో మట్టి మీద 83, 87 విలాండర్‌వి.

కెంట్ కార్ల్‌సన్ ఈ గడుల్లో ఎక్కడా రాడు, అందుకే జనం మర్చిపోతారు, నాకు మాత్రం ఇతనంటే ప్రత్యేకమైన ఇష్టం. గెలిచిన తొమ్మిది టైటిళ్లూ మట్టి మీదే. బంతిని విపరీతమైన టాప్ స్పిన్‌తో అవతలి వాడి భుజాల ఎత్తుకు లేపేవాడు. 1988లో ప్రపంచ ర్యాంకింగ్‌లో ఆరో స్థానం దాకా వెళ్లాడు, మోకాళ్లు చెడిపోయి చిన్న వయసులోనే ఆట మానేశాడు. ఇతన్ని గుర్తుపెట్టుకోవాలంటే నోట్‌బుక్ చాలదు, కోర్టుకు పోవాలి. బేస్‌లైన్‌కు (కోర్టు చివరి గీతకు) రెండడుగులు వెనక నిలబడి, బంతిని కింది నుంచి పైకి ఒత్తుతూ ఇరవై సార్లు కొట్టి చూడండి, మట్టి మీద బంతి ఎలా లేస్తుందో, మోకాలి మీద ఎంత భారం పడుతుందో ఒళ్లే చెప్తుంది. ప్యారిస్ కోర్టు పైపొర ఇటుకల పొడి. మన దగ్గర కోర్టుకు వేసే ఎర్రమట్టి వేరు, కానీ బంతి నెమ్మదించడం, పైకి లేవడం, కాలు జారడం మన పిల్లలకూ బాగా తెలిసినవే.

1987 గడిలో ఇంకో మాట కూడా చేర్చండి. ఆ ఏడాది డేవిస్ కప్ ఫైనల్లో స్వీడన్‌తో ఆడింది మనమే. రమేశ్ కృష్ణన్, విజయ్ అమృత్‌రాజ్ పచ్చిక మీద బాగా ఆడతారని స్వీడన్‌కు తెలుసు, గోథెన్‌బర్గ్‌లో మళ్లీ మట్టి పరిచారు, 5-0తో గెలిచారు. ఓడినా మన దేశం ఆ గడిలో ఉంది కాబట్టి అది మరుపుకు రాదు.

గడులు నిండాక పుస్తకం మూసి, మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చూడకుండా ఖాళీ గడులు గీసి నింపండి. తప్పు పోయిన గడికి సంబంధించిన మ్యాచ్ వీడియో వెతికి కనీసం ఒక సెట్ చూడండి. హైలైట్స్ వద్దు, అందులో ర్యాలీలు కోసేస్తారు, స్వీడన్ వాళ్ల ఆటంతా ఆ ర్యాలీల్లోనే ఉంది.

పన్నెండూ వచ్చేశాక పాప పదమూడో గడి తనే గీసింది, 2009 అని వేసి, రాబిన్ సోడర్లింగ్ అని రాసింది. ప్యారిస్‌లో నాదల్‌ని మొట్టమొదట ఓడించినవాడు. అతనిదీ స్వీడనే.